సారా పేరిట ఓ చేయి

జెరూసలేం కొండల మీది ఊరు. చలికాలంలో పిల్లలకు జలుబులూ ఆయాసాలూ మామూలే. 1970లలో అక్కడ ఉరీ లుపోలియాన్‌స్కీ అనే యువ ఉపాధ్యాయుడి ఇంట్లో పిల్లవాడికి జబ్బు చేసింది. ఆవిరి పట్టే యంత్రం కావలసి వచ్చింది. నాలుగు రోజుల అవసరానికి అంత ఖరీదు పెట్టి ఎవరు కొంటారు? పక్కింటివాళ్ళ దగ్గర ఉంటే అడిగి తెచ్చుకున్నాడు, పని అయ్యాక తిరిగి ఇచ్చేశాడు. ఇలాంటి అవసరం ఇంకెన్ని ఇళ్ళల్లో ఉంటుందో కదా అనిపించి, తర్వాత తనే అలాంటివి కొన్ని కొని ఇంట్లో పెట్టుకున్నాడు. అడిగినవాళ్ళకు ఎరువిచ్చేవాడు. ఆవిరి యంత్రాల కోసం వచ్చినవాళ్ళు చంకకర్రలు ఉన్నాయా అని అడిగారు, ఆ తర్వాత చక్రాల కుర్చీలు అడిగారు. 1976లో ఆ ఇంటి ఏర్పాటే ఒక సంస్థ అయింది. దానికి ఆయన పెట్టిన పేరు యాద్ సారా.

సారా ఆయన బామ్మ. యూరప్‌లో నాజీలు సాగించిన మారణహోమంలో పోయింది.

మన భాషలో అమ్మకు అమ్మ వేరు, నాన్నకు అమ్మ వేరు. హీబ్రూలో ఇద్దరికీ కలిపి సవ్తా అనే ఒక్క మాటే ఉంది. తూర్పు యూరప్ యూదులు ఇళ్ళల్లో మాట్లాడుకున్న యిడ్డిష్‌లో అయితే బుబ్బె అంటారు. అందుకే ఇక్కడ బామ్మ అన్న మాటను ఇద్దరికీ కలిపి వాడుతున్నాను. ఇక యాద్ అంటే హీబ్రూలో చేయి. ఆ మాటకే స్మారకం అనే అర్థం కూడా ఉంది. మారణహోమ మృతుల కోసం ఇజ్రాయెల్ జెరూసలేంలో కట్టుకున్న స్మారక కేంద్రం పేరు యాద్ వాషెం. యెషయా ప్రవక్త గ్రంథం నుంచి తీసుకున్న ఆ పేరుకు స్మారకమూ పేరూ అని అర్థం. కాబట్టి యాద్ సారా అంటే సారా చేయి అనుకోవచ్చు, సారా జ్ఞాపకం అనీ అనుకోవచ్చు. తెలంగాణలో మనం యాది అంటాం. అది పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, హీబ్రూ యాద్‌తో దానికి చుట్టరికం లేదు. అయినా తెలుగువాడి చెవికి ఆ సంస్థ పేరు వినగానే సగం అర్థమైపోతుంది.

చనిపోయిన బామ్మను తలచుకుంటూ మనవలు విరాళాలు పోగుచేయడం యూదు కుటుంబాల్లో చాలా మామూలు సంగతి. అమెరికాలో, బ్రిటన్‌లో, ఇజ్రాయెల్‌లో ప్రతి ఏటా ఎన్నో ఇళ్ళల్లో జరుగుతుంది. పైనుంచి చూస్తే ఇది ఈ కాలపు అలవాటులా, పుట్టినరోజు విరాళాల్లాంటి దానిలా కనిపిస్తుంది. లోపలికి వెళితే దాని కింద రెండు వేల ఏళ్ళ నాటి ధర్మశాస్త్రం ఉంది. మనవలకూ బామ్మకూ మధ్య ఆ శాస్త్రం వదిలేసిన ఒక ఖాళీ ఉంది. అక్కడి నుంచి మొదలుపెడితేనే ఈ విరాళాల సంగతి సరిగ్గా అర్థమవుతుంది.

యూదు ధర్మం ప్రకారం ఎవరు పోతే ఎవరు దుఃఖదీక్ష పట్టాలో లెక్క ఉంది. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, తోబుట్టువుల్లో మగవాళ్ళు, ఆడవాళ్ళు, చివరగా భార్య లేదా భర్త. ఈ ఏడు బంధాలకే విధి. మన దగ్గర మైల పాలివాళ్ళందరికీ పాకుతుంది. అక్కడ వలయం చాలా చిన్నది. ఆ ఏడుగురిలో ఎవరైనా పోతే వస్త్రం చింపుకుంటారు. ఏడు రోజులు ఇల్లు కదలకుండా ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. దీన్ని షివా అంటారు. చాలా ఇళ్ళల్లో అద్దాల మీద గుడ్డ కప్పుతారు. వండుకునే పని లేకుండా ఇరుగుపొరుగువాళ్ళు భోజనం తెస్తారు. ముప్ఫయ్యో రోజు దాకా కొన్ని నియమాలు సాగుతాయి. తల్లికైనా తండ్రికైనా పదకొండు నెలలు కద్దీష్ అనే ప్రార్థన చెబుతారు.

మనవడూ మనవరాలూ ఈ జాబితాలో లేరు. చిన్నప్పటి నుంచి ఒళ్ళో పెట్టుకుని పెంచిన బామ్మ పోయినా, శాస్త్రం ప్రకారం మనవరాలు షివా కూర్చోనక్కరలేదు, వస్త్రం చింపుకోనక్కరలేదు, మర్నాడు పనికి వెళ్ళినా తప్పు లేదు. కఠినంగా కనిపిస్తుంది కానీ ఇందులో ఒక దయ ఉందని నా ఉద్దేశం. పెద్ద కుటుంబాల్లో ప్రతి చావుకూ అందరినీ ఇంట్లో కూర్చోబెడితే బతికున్నవాళ్ళ బతుకు ఆగిపోతుంది. అయినా గుండెకు శాస్త్రం తెలియదు. విధి లేని దుఃఖం ఎక్కడికి పోవాలి?

కద్దీష్ ఒక దారి. మనవడు బామ్మ కోసం కద్దీష్ చెప్పవచ్చునని పండితులు ఒప్పుకున్నారు. అరమాయిక్ భాషలో ఉండే ఆ ప్రార్థనలో చావు ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు. అంతా దేవుడి స్తుతే. ఒంటరిగా చెప్పేది కాదు, కనీసం పదిమంది కూడాలి. అయితే సంప్రదాయంలో ఆ పదిమందీ మగవాళ్ళే అయి ఉండాలి, చెప్పేవాడూ మగవాడే. మరి మనవరాలి సంగతి?

ఈ ప్రశ్నను గట్టిగా ఎదుర్కొన్నది హెన్రియెట్టా జోల్డ్. అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టిన ఆమె 1912లో హదస్సా అనే మహిళా సంస్థను స్థాపించింది. పాలస్తీనాలో వైద్యసేవ కోసం అమెరికా యూదు స్త్రీల నుంచి నిధులు కూడగట్టిన సంస్థ అది. ఇప్పటికీ జెరూసలేంలో ఆ పేరుతో పెద్ద ఆస్పత్రులున్నాయి. 1916లో ఆమె తల్లి పోయింది. ఆ తల్లికి ఎనిమిది మంది కూతుళ్ళు పుట్టారు, కొడుకులు లేరు. కుటుంబ మిత్రుడొకాయన మీ బదులు నేను కద్దీష్ చెబుతానన్నాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పి, వద్దని ఉత్తరం రాసింది. ఆ బాధ్యతను తల్లి కన్న పిల్లలే మోయాలి, మరొకరికి అప్పగించలేమన్నది ఆమె వాదన. ఈ రోజు ఉదారవాద యూదు శాఖల్లో స్త్రీలు కద్దీష్ చెబుతారు, పదిమంది లెక్కలోకి వస్తారు. సంప్రదాయ శాఖలో ఆ లెక్క ఇంకా మగవాళ్ళదే.

ఎవరికీ మూయని తలుపు ఒకటుంది. అది త్సెదాకా.

ఈ మాటను దానం అని అనువదించడం సులువే కానీ అర్థం జారిపోతుంది. దాని ధాతువుకు న్యాయం, ధర్మం అని అర్థం. దానమంటే ఇచ్చేవాడి మంచితనం. త్సెదాకా అంటే పుచ్చుకునేవాడికి చెందవలసినది చెందడం. అరబ్బీలోని సదఖా దీనికి తోబుట్టువు లాంటి మాట. హైదరాబాదు పాతబస్తీలో సదఖా అంటే అందరికీ తెలుసు. యూదుల మూల ధర్మగ్రంథమైన తోరా కాలంలో ఇది పొలంలోనే మొదలైంది. చేను కోసేటప్పుడు అంచులు కోయకుండా వదలాలి, రాలిన వెన్నులు ఏరుకోకూడదు, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్ళకూడదు. అవి బీదలవి, చేను గలవాడివి కావు. తర్వాత పట్టణ జీవితంలో ఆ లెక్క ఆదాయంలో పదోవంతుగా మారింది. ఐదోవంతుకు మించి ఇచ్చి తానే బీదవాడైపోవద్దని కూడా పండితులు కట్టడి పెట్టారు. భిక్ష మీద బతికేవాడు సైతం తనకు వచ్చినదానిలో కొంత ఇవ్వాలి. ఇవ్వడమనే గౌరవాన్ని పేదవాడి నుంచి కూడా లాక్కోకూడదన్నమాట.

యూదుల ఇళ్ళల్లో ఈ ధర్మాన్ని పిల్లలకు చేతికి అందించింది పండితులు కాదు, బామ్మలు. వంటింటి గోడకు తగిలించిన చిన్న రేకు డబ్బాను యిడ్డిష్‌లో పుష్కె అంటారు. శుక్రవారం పొద్దుగూకే ముందు, వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు కోసం దీపాలు వెలిగించేటప్పుడు, అగ్గిపుల్ల గీసే ముందు ఇంటి ఇల్లాలు ఆ డబ్బాలో నాలుగు నాణేలు వేస్తుంది. మనవల చేతుల్లో కూడా పెట్టి వేయిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో న్యూయార్క్ ఇరుకు వాటాల్లో కుట్టుపని చేసుకుని బతికిన వలస కుటుంబాల్లో కూడా అనాథాశ్రమానికొకటి, పాఠశాలకొకటి అంటూ ఇలాంటి డబ్బాలు వరసగా ఉండేవి. 1901లో ఏర్పడిన యూదు జాతీయ నిధి వాళ్ళ నీలం డబ్బా ప్రపంచమంతా తిరిగింది. బామ్మ పేరిట విరాళం పోగుచేసే మనవరాలు కొత్త పనేమీ చేయడం లేదు. ప్రతి శుక్రవారం బామ్మ చేసిన పనినే కొనసాగిస్తోంది.

చనిపోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు దానం చేస్తే వాళ్ళకేం చేరుతుంది? యూదు మతం ఇచ్చే జవాబు సూటిగా ఉంటుంది. పోయినవాళ్ళు ఇక ఏ మంచి పనీ చేయలేరు, వాళ్ళ ఖాతా ఆగిపోయింది. వాళ్ళ వల్ల, వాళ్ళ పేరు మీద ఇక్కడ ఎవరైనా మంచి పని చేస్తే అది ఆ ఖాతాలో పడుతుంది. ఆత్మకు ఔన్నత్యం అని దీనికి పేరు. ఏడాదికి నాలుగుసార్లు, ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడూ మరో మూడు పండుగల్లోనూ, ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో యిజ్కోర్ అనే స్మరణ ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనలోనే పోయినవారి పేరు చెప్పి వారి తరఫున త్సెదాకా ఇస్తాననే మాట ఉంటుంది. అంటే స్మరణలోనే బాకీ ఉంది. తలచుకున్నవాళ్ళు ఆ బాకీ తీర్చాలి. పోయినవారి పేరు పలికినప్పుడల్లా వారి జ్ఞాపకం దీవెన అగుగాక అని చేర్చడం కూడా యూదుల అలవాటే. దీవెన కావాలంటే ఆ జ్ఞాపకం ఎవరికో మేలు చేయాలి.

ఏటా వచ్చే స్మరణ దినాన్ని యార్ట్‌సైట్ అంటారు. ముందు రోజు పొద్దుగూకగానే ఒక దీపం వెలిగిస్తారు, అది దాదాపు 24 గంటలు వెలుగుతుంది. మన తద్దినం లాగే ఇది కూడా తేదీని బట్టి కాక తిథిని బట్టి వస్తుంది. హీబ్రూ పంచాంగం మన పంచాంగం లాగే చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కపెడుతుంది, సూర్యుడితో పొంతన కోసం 19 ఏళ్ళలో 7 సార్లు అధిక మాసం కలుపుతుంది. తెలుగువాళ్ళకు దీన్ని వివరించనక్కరలేదు. అమెరికాలో పుట్టిన యూదు మనవడే ఈ ఏడు బామ్మ తిథి ఎప్పుడొచ్చిందో పంచాంగం తిరగేయవలసి వస్తుంది.

పోయిన రోజు తెలియనివాళ్ళ మాటేమిటి? మారణహోమంలో 60 లక్షల మంది యూదులు చంపబడ్డారు. గుంతల దగ్గర కాల్చినవాళ్ళకూ, గ్యాసు గదుల్లో చంపినవాళ్ళకూ మరణ ధ్రువీకరణ పత్రాలు రాయలేదు. సమాధి లేదు, తిథి లేదు. మిగిలిన బంధువులు ఏ రోజున దీపం పెట్టాలి? ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల (మతగురువుల) మండలి ఇందుకు తేవేత్ మాసపు పదో రోజును నిర్ణయించింది. జెరూసలేం ముట్టడి మొదలైన దినంగా అప్పటికే ఉపవాసముండే రోజు అది. మరణ దినం తెలియనివాళ్ళందరికీ ఆ రోజున కద్దీష్ చెబుతారు. తిథి తెలియని పితరులకు మనం మహాలయ అమావాస్యను ఉంచుకున్నట్టే.

సారా లాంటి బామ్మల పేర్లు సంస్థల మీదా, గ్రంథాలయాల మీదా, అన్నశాలల మీదా ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు చూడండి. యూదులు సమాధికి పూలు తీసుకెళ్ళరు. ఓ చిన్న రాయి పెట్టి వస్తారు. రాయి పెట్టడానికి సమాధే లేనప్పుడు మిగిలింది పేరొక్కటే. తూర్పు యూరప్ సంప్రదాయంలో పోయిన బామ్మ పేరు పుట్టిన ఆడపిల్లకు పెట్టుకుంటారు. ఆ పేరు పెట్టుకున్న పిల్ల ఒక్కతే. ఆ పేరు పెట్టుకున్న చక్రాల కుర్చీల కేంద్రంలో రోజూ వందలమంది దాన్ని పలుకుతారు. యాద్ సారా నుంచి తెచ్చుకున్నామని చెప్పుకుంటారు. నన్ను బాగా కదిలించిన సంగతి ఇదే. పేరే లేకుండా చేయాలని చంపిన మనిషి పేరు ఒక దేశంలో నడవలేనివాళ్ళందరి నోటా పలుకుతోంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేయకూడదు. త్సెదాకాకు మెట్లు కట్టినవాడు మైమోనిడీస్. 1138లో స్పెయిన్‌లోని కొర్డోబాలో పుట్టి 1204లో ఈజిప్టులో పోయిన వైద్యుడు, ధర్మశాస్త్రవేత్త. ఆయన తమ్ముడు దావీదు రత్నాల వ్యాపారం మీద మన వైపు వస్తూ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఇంటిని పోషించింది ఆ తమ్ముడే. ఆ దుఃఖంలో దాదాపు ఏడాది మంచం పట్టానని మైమోనిడీస్ తర్వాత ఓ ఉత్తరంలో రాసుకున్నాడు. సొంతవాళ్ళను పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి ఆయన.

తన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నే తోరాలో, బీదలకు ఇవ్వవలసిన వాటి మీద రాసిన భాగంలో ఆయన ఎనిమిది మెట్లు చెప్పాడు. అట్టడుగున సణుక్కుంటూ ఇచ్చేవాడు. దాని పైన, ఇవ్వవలసినదానికంటే తక్కువైనా నవ్వుతూ ఇచ్చేవాడు. ఆ పైన అడిగాక ఇచ్చేవాడు, అడగకముందే ఇచ్చేవాడు. అక్కడి నుంచి లెక్క ఎవరికి ఎవరు తెలుసు అన్నదాని మీద నడుస్తుంది. పూర్వం కొందరు జ్ఞానులు ఉత్తరీయం అంచున నాణేలు మూటకట్టి వీపు మీదికి వేసుకుని నడిచేవారట. వెనక ఎవరు విప్పుకుంటున్నారో తిరిగి చూసేవారు కాదు. తీసుకునేవాడి ముఖంలో సిగ్గు కనపడకూడదని. దానికంటే ఒక మెట్టు పైన, ఎవరికీ తెలియకుండా బీదల ఇళ్ళ ముందు డబ్బు వదిలి వెళ్ళేవాళ్ళు. ఇంకా పైన, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఒకరెవరో ఒకరికి తెలియని ఇవ్వడం. దీనికి ఆయన చూపిన ఉదాహరణ, జెరూసలేం ఆలయంలో ఒకప్పుడు ఉన్న రహస్యపు గది. అందులో కొందరు గుట్టుగా వేసిపోయేవారు, బతికి చెడినవాళ్ళు గుట్టుగా తీసుకునేవారు.

మరి పేరు దాచి ఇవ్వడం అంత గొప్పదైతే, బామ్మ పేరు పలక మీద చెక్కించడం ఏ మెట్టు? యూదు పండితులు ఈ ప్రశ్నను నిజంగానే వాదించుకున్నారు. పదమూడో శతాబ్దంలో బార్సిలోనా రబ్బీ ష్లోమో ఇబ్న్ అదెరెత్ దగ్గరికి ఇలాంటి తగాదా వచ్చింది. సినగాగ్ కోసం ఆస్తి ఇచ్చిన దాత తన పేరు రాయించుకుంటానన్నాడు, ఊరివాళ్ళు వద్దన్నారు. మంచి పని చేసినవాళ్ళ పేరు చెప్పడం శాస్త్రం కూడా చేసే పనే, రాయించుకోవచ్చునని ఆయన తీర్పు చెప్పాడు. తర్వాతి శాస్త్రకారులు గొప్ప చెప్పుకోవడం తప్పంటూనే, ఇచ్చిన వస్తువు మీద జ్ఞాపకార్థం పేరు రాయడాన్ని ఒప్పుకున్నారు.

నా మటుకు నాకు, ఈ రెండు దారులూ కలిసే చోటు బామ్మ పేరే అనిపిస్తుంది. అక్కడ పేరుంది, కానీ అది ఇచ్చినవాడిది కాదు. పొగడ్త వినడానికి ఆ పేరుగల మనిషి బతికి లేదు. పుచ్చుకునేవాడు తలవంచుకోవలసిన ముఖం ఎదురుగా ఉండదు, ఎప్పుడో పోయిన ఒక పెద్దావిడ పేరు మాత్రం ఉంటుంది. మనవడు ఆమె కొంగు చాటున నిలబడి ఇస్తాడు. మైమోనిడీస్ కోరిన గుట్టూ, బార్సిలోనా రబ్బీ ఒప్పుకున్న పేరూ ఒకే పలక మీద కుదురుతాయి.

మైమోనిడీస్ పై మెట్టు ఇంకా చెప్పలేదు. మనిషి పడిపోకముందే చేయి పట్టుకోవడమే అన్నింటికంటే పైది. అప్పు ఇవ్వడం, వ్యాపారంలో భాగం కల్పించడం, పని చూపించడం. ఇంకొకరిని అడిగే అవసరం రాకుండా చేయడమన్నమాట. అప్పు దానం కంటే గొప్పదా అని మొదట వింతగా ఉంటుంది. దానం తీసుకున్నవాడు చిన్నవాడవుతాడు. అప్పు తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేస్తాడు, తలెత్తుకుని వెళతాడు. మన భాష ఈ తేడాను ఎప్పుడో పసిగట్టింది. వడ్డీ లేకుండా, కాగితం రాయకుండా నమ్మకం మీద ఇచ్చేదాన్ని మనం చేబదులు అంటాం. వస్తువును వాడుకుని అదే వస్తువును తిరిగి ఇస్తే ఎరువు అంటాం. ఆ రెండింటికీ యూదు సమాజాల్లో ఏర్పాట్లున్నాయి, గెమాఖ్ అంటారు. తోటి యూదుడికిచ్చిన అప్పు మీద వడ్డీ తీసుకోవడాన్ని తోరా నిషేధించింది. 1892లో న్యూయార్క్‌లో కొందరు వలసదారులు 95 డాలర్లు పోగుచేసి వడ్డీలేని అప్పుల సంఘం పెట్టారు. అది ఈ రోజుకూ నడుస్తోంది. పెళ్ళిబట్టలకు గెమాఖ్ ఉంటుంది, ఉయ్యాలలకు ఉంటుంది, విందుకు కావలసిన కుర్చీలకూ ఉంటుంది. చాలావాటికి పోయిన ఆప్తుల పేర్లే ఉంటాయి.

యాద్ సారా ఈ ఎరువు పద్ధతిని దేశమంత చేసింది. ఇజ్రాయెల్‌లో వందకు పైగా శాఖలు, వేలమంది స్వచ్ఛంద సేవకులు, అందులో చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు. కాలు విరిగినవాడు వచ్చి చక్రాల కుర్చీ అడుగుతాడు. కొంత హామీ సొమ్ము పెట్టి తీసుకెళతాడు, కుర్చీ తిరిగి ఇచ్చినప్పుడు ఆ సొమ్ము తనకు వచ్చేస్తుంది. యూదుడా, ముస్లిమా, క్రైస్తవుడా, ద్రూజా అని అడగరు. ఆస్పత్రి మంచం ఇంటికే వస్తుంది కాబట్టి రోగి ముందుగానే ఇల్లు చేరగలుగుతాడు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు నొక్కితే సాయం వచ్చే మీట కూడా వాళ్ళు ఏర్పాటు చేస్తారు. 1994లో ఆ సంస్థకు ఇజ్రాయెల్ బహుమానం వచ్చింది. దేశంలోని అత్యున్నత గౌరవాల్లో అది ఒకటి.

ఈ కథలో చీకటి భాగాన్ని దాచితే విశ్లేషణ అనిపించుకోదు. లుపోలియాన్‌స్కీ తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళి 2003లో జెరూసలేం మేయరయ్యాడు. హోలీలాండ్ అనే భవన సముదాయపు అనుమతుల వ్యవహారంలో, ఆ ప్రాజెక్టు తరఫున యాద్ సారాకు వచ్చిన విరాళాలు లంచమేనని 2014లో కోర్టు తేల్చింది. డబ్బు సంస్థకే వెళ్ళింది. అయినా నేరం నేరమే. ఆరేళ్ళ జైలు శిక్ష పడింది. 2015 చివర్లో సుప్రీంకోర్టు ఆయన అనారోగ్యాన్ని బట్టి దాన్ని ఆరు నెలల సమాజసేవకు తగ్గించింది. పాపపు దారిలో వచ్చిన పుణ్యకార్యం చెల్లదన్నది పాత పండితుల చర్చల సంకలనమైన తల్ముద్ కాలం నాటి సూత్రమే. బామ్మ పేరు ఎంత పవిత్రమో, ఆ పేరు మీద చేయి చాచేవాడి మీద అంత భారం ఉంటుంది.

ఆ భారాన్ని మోసే పద్ధతి కూడా తల్ముద్‌లో వివరంగా ఉంది. ఊరి ధర్మనిధిని ఇద్దరు కలిసి వసూలు చేయాలి, ఒక్కరు తిరగకూడదు. పంచేటప్పుడు ముగ్గురు కూర్చోవాలి, ఎందుకంటే ఎవరికెంత అన్నది తీర్పుతో సమానం. వసూలు చేసేవాడికి దారిలో నాణెం దొరికినా అప్పటికప్పుడు సొంత జేబులో వేసుకోకూడదు, చూసేవాళ్ళు నిధి సొమ్మనుకుంటారు. ధర్మపు సంచిలో వేసి ఇంటికెళ్ళాక తీసుకోవాలి. నిధిలోని చిల్లరను మార్చవలసి వస్తే ఇతరులతో మార్చాలి, తనతో తాను మార్చుకోకూడదు. అనుమానానికి చోటివ్వకపోవడం కూడా ధర్మంలో భాగమే. అంతే కాదు, తాను ఇచ్చేవాడికంటే పదిమంది చేత ఇప్పించేవాడు గొప్పవాడని కూడా అదే తల్ముద్ చెప్పింది. విరాళాలు అడగడం చిన్నతనం కాదన్నమాట.

ఇప్పటి కుటుంబాలు దీన్ని ఎలా చేస్తున్నాయి? చాలామంది 18 డాలర్లో, 36 డాలర్లో ఇస్తారు. హీబ్రూలో అక్షరాలకు అంకెల విలువలున్నాయి. ప్రాణం, జీవం అనే అర్థమున్న ఖాయ్ అనే మాటలోని రెండక్షరాల విలువ 8, 10. కలిపితే 18. పోయిన మనిషి పేరిట ఇచ్చేటప్పుడు జీవం అనే అంకె ఎంచుకుంటారు. పదమూడేళ్ళకు మగపిల్లలకూ, పన్నెండు పదమూడేళ్ళకు ఆడపిల్లలకూ జరిగే బార్ మిత్స్వా, బాత్ మిత్స్వా వేడుకలకు ముందు పిల్లలు ఏదో ఒక సేవాకార్యం తలకెత్తుకుంటారు. అక్కడ బామ్మ పేరు తరచుగా వినిపిస్తుంది.

ఏ పని కోసం పోగుచేయాలన్నది బామ్మ బతుకే చెబుతుంది. ఆమె టీచరైతే పుస్తకాలకు, ఆకలి చూసినదైతే అన్నానికి. కేన్సర్‌తో పోయిన బామ్మల పేరిట వైద్య పరిశోధనకు పోగుచేయడం కూడా ఎక్కువే, దానికి గట్టి కారణముంది. రొమ్ము కేన్సర్ వంశపారంపర్యంగా రాగలదని, దానికి కారణమైన ఒక జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో మేరీ క్లేర్ కింగ్ బృందం చూపించింది. బీఆర్‌సీఏ అని పిలిచే ఈ రకం జన్యువుల్లో హానికరమైన మార్పు సాధారణ జనంలో సుమారు 400 మందిలో ఒకరికి ఉంటే, తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో సుమారు 40 మందిలో ఒకరికి ఉంటుంది. ఇది తండ్రి ద్వారా కూడా సంక్రమిస్తుంది. తండ్రి తల్లికి కేన్సర్ వచ్చిందన్న సంగతిని కుటుంబం మరిచిపోతే మనవరాలు పరీక్ష చేయించుకోదు. ఇలాంటి చోట బామ్మ జ్ఞాపకం ఒక ప్రాణం నిలిపే సమాచారం. ఆమె పేరిట నడక పెట్టి విరాళాలు అడిగే మనవరాలు ఆ నడకలో పాల్గొన్న బంధువులందరికీ పరీక్ష చేయించుకోమని కూడా చెప్పినట్టే.

ఇవన్నీ తెలుగువాళ్ళకు ఎందుకు చెప్పాలి అంటే, తెలుగు మాట్లాడుతూ సబ్బాతు పాటించేవాళ్ళు మనలోనే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం తాము యూదుల సంతతి అంటుంది. వాళ్ళకంటూ అక్కడ ఒక సినగాగ్ ఉంది. అంతకంటే పెద్ద కారణం మన ఇళ్ళల్లోనే ఉంది. పెద్దవాళ్ళ పేరిట అన్నదానం చేయడం మనకు తెలుసు, వేసవిలో చలివేంద్రం పెట్టించడం తెలుసు. ఎరువివ్వడం మాత్రం మరిచిపోతున్నాం.

చివరి ఏడాది అమ్మమ్మ వాడిన వాకర్, నాయనమ్మ కోసం కొన్న చక్రాల కుర్చీ, తాతయ్యకు వేసిన గాలి పరుపు చాలా ఇళ్ళల్లో అటక మీద పడి ఉన్నాయి. అవి మళ్ళీ వాడతామనీ లేదు, పారేయడానికి మనసూ రాదు. మీ ఇంట్లోనూ ఉంటే ఈ ఆదివారం దింపండి. దుమ్ము దులిపి, చక్రాలకు నూనె పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో దాన్ని వాడిన పెద్దవాళ్ళ పేరు రాయండి. మీ వీధిలో ఎవరికి కావాలో అడిగి ఎరువివ్వండి. ఎవరికిచ్చారో, ఎప్పుడిచ్చారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, ఆ పుస్తకాన్ని ఇంకొకరికి కూడా చూపించండి. కుర్చీ తిరిగి వచ్చాక తర్వాతి ఇంటికి పంపండి.